నెత్తిమీది గడ్డకు ‘కరెంటు’ పెడితే మెదడుకు ముప్పుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాలుగు నెత్తికి సంబంధించినవే కావడం, నాలుగూ ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారి నుంచే రావడం యాదృచ్ఛికం. బరంపురంలో పుట్టి పెరిగి, ముప్పయ్యేళ్లుగా రేడియేషన్ వైద్యం చేస్తున్నవాణ్ణి కనుక వీటికి కొంచెం విస్తరించి జవాబు రాయడానికి సంపాదకులు అనుమతించారు.

ప్రశ్న: మా మామగారికి 74 ఏళ్లు. నిరుడు కార్తీకమాసంలో ఆయన సింహాచలంలో తలనీలాలు సమర్పించినప్పుడు, గుండు చేస్తున్నాయన “తాతగారూ, నెత్తికేమైనా దెబ్బ తగిలిందా?” అని అడిగారట. మాడుకు కొంచెం వెనక రూపాయి బిళ్లంత నల్లనీలం మచ్చ కనిపించింది. గుమ్మం తగిలి కమిలి ఉంటుందనుకున్నాం. ఇంటికి వచ్చాక చూపిస్తే ఒక వైద్యుడు కూడా అదే మాట చెప్పి రెండు నెలలు ఆయింట్‌మెంటు రాయించారు. ఈలోగా మచ్చ అరచేతి వెడల్పయింది, దువ్వెన తగిలితే రక్తం కారుతోంది. ముక్క తీసి పరీక్ష చేయిస్తే యాంజియోసార్కోమా అని వచ్చింది. ఆపరేషన్ కష్టమని, కీమోతో పాటు ఆరున్నర వారాలు కరెంటు పెట్టాలని అంటున్నారు. పుర్రె కిందే మెదడు ఉంటుంది కదా, అది కాలిపోదా? ఈ వయసులో ఆయన తట్టుకుంటారా? ఎక్కడికి తీసుకెళ్లమంటారు?
— ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, అందరికంటే ముందు ఆ మచ్చను గమనించి అడిగినాయనకు మీ కుటుంబం నమస్కారం చెప్పాలి. కల్యాణకట్టలో కూర్చున్నవారు ఒక పూటలో చూసే నెత్తులు మావంటి వైద్యులు నెలంతా కలిపినా చూడరు. జుట్టు దాచేసిన మచ్చను ఆయన చూశారు, చూసి ఊరుకోకుండా అడిగారు.

యాంజియోసార్కోమా అనేది రక్తనాళాల లోపలి పొర కణాల నుంచి పుట్టే క్యాన్సర్. ఇది చాలా అరుదైన జబ్బు. చర్మంమీద వచ్చినప్పుడు ఎక్కువగా వయసు మళ్లినవారి నెత్తిమీద, ముఖంమీద వస్తుంది. మొదట్లో నొప్పి ఉండదు, గడ్డ కూడా ఉండదు, అచ్చం కమిలిన గాయంలాగే ఉంటుంది కనుక ఇంట్లోవారే కాదు, వైద్యులు కూడా పొరపాటు పడతారు. అయితే నిజంగా కమిలిన చోటు రెండు మూడు వారాల్లో నలుపు నుంచి పచ్చకు, పచ్చ నుంచి పసుపుకు తిరిగి మాయమవుతుంది. ఇది అలా తిరగదు సరికదా, అంచులు జరుగుతూ పోతాయి. దెబ్బ తగిలిన జ్ఞాపకం లేని పెద్దవారి నెత్తిమీద కమిలినట్టున్న మచ్చ నెల దాటినా పోకపోతే ఆయింట్‌మెంటు మార్చడం కాదు, ముక్క తీసి పరీక్షకు పంపడమే సరైన పని.

ఆపరేషన్ కష్టమని మీ వైద్యులు అనడానికి వయసొక్కటే కారణం కాదు. ఈ జబ్బు కంటికి కనిపించే మచ్చతో ఆగదు. మచ్చకు దూరంగా, మామూలుగా కనిపిస్తున్న చర్మంలో కూడా కణాలు పాకి ఉంటాయి, ఒక్కోసారి విడివిడి దీవుల్లా ఉంటాయి. అరచేతి వెడల్పున్న మచ్చను చుట్టూ జాగా వదిలి కోయాలంటే నెత్తిలో సగం పోతుంది, ఆపైన అంచుల్లో జబ్బు మిగలలేదన్న భరోసా కూడా ఉండదు. రేడియేషన్‌కు ఉన్న సౌలభ్యం ఇక్కడే: కోయలేనంత వెడల్పును, అవసరమైతే నెత్తి మొత్తాన్ని, అది కప్పగలదు. దానితో పాటు వారానికోసారి పాక్లిటాక్సెల్ అనే మందు ఎక్కించడం ఈ జబ్బుకు చాలాచోట్ల అనుసరిస్తున్న పద్ధతి.

ఇక మీ అసలు భయం. దీనిని మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు కానీ, యంత్రం నడవడానికి తప్ప కరెంటుకు ఈ వైద్యంతో సంబంధం లేదు. ఒంటికి తీగ తగలదు, వేడి తెలియదు, నొప్పి ఉండదు. పని చేసేవి శక్తిమంతమైన కిరణాలు. వాటిలో ఏ రకాన్ని ఎంచుకుంటే ఎంత లోతుకు వెళ్తాయన్నదే నెత్తి విషయంలో మొత్తం వైద్యం. నెత్తి చర్మం మందం సుమారు అర సెంటీమీటరు, దాని కింద ఎముక అంతకంటే కొంచెం ఎక్కువ, ఆ వెంటనే మెదడు పైపొర. అంటే మాకున్న చోటు ఒక వేలి మందం.

ఈ పనికి ఎలక్ట్రాన్లు బాగా నప్పుతాయి. ఎక్స్ కిరణాలు శరీరంలోంచి దూసుకుపోయి అవతలి పక్కకు వస్తాయి. ఎలక్ట్రాన్లు కొంత దూరం పోయి ఆగిపోతాయి. మాకొక మోటు లెక్క ఉంది: ఎలక్ట్రాన్ల శక్తిని మూడుతో భాగిస్తే అవి పూర్తిగా పని చేసే లోతు సెంటీమీటర్లలో వస్తుంది, రెండుతో భాగిస్తే దాదాపుగా ఆగిపోయే లోతు వస్తుంది. 6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల పుంజం తీసుకుంటే 2 సెంటీమీటర్ల దాకా పని, 3 సెంటీమీటర్ల దగ్గర ఆగడం. నెత్తిమీద ఒక సెంటీమీటరు మందాన మైనపు పొర పరిస్తే ఆ సెంటీమీటరు మైనంలోనే ఖర్చయి, నెత్తిలోకి ఒక సెంటీమీటరు మేరకే పని జరుగుతుంది. అంటే చర్మం, ఎముకలో కొంత భాగం. మెదడు పైపొరకు చేరేది చివరి తరుగు మాత్రమే. ఆ మైనపు పొరకు మరొక ఉపయోగం కూడా ఉంది. శక్తిమంతమైన కిరణాలు చర్మం అంచున కాకుండా కొంచెం లోపలికి వెళ్లాకే పూర్తి మోతాదు ఇస్తాయి. కడుపులోని గడ్డకు అది వరమే కానీ, జబ్బు చర్మంలోనే ఉన్నప్పుడు ఆ గుణం ఎదురు తిరుగుతుంది. మైనం పరిస్తే కిరణాలకు అదే చర్మంలా కనిపించి, పూర్తి మోతాదు అసలు చర్మం దగ్గరికి వస్తుంది.

అయితే నెత్తి బల్లపరుపుగా ఉండదు. గుమ్మడికాయ మీద టార్చిలైటు వేసి చూడండి: నడుమ వెలుగు, పక్కలకు వచ్చేసరికి మసక. మచ్చ చిన్నదైతే ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు సరిపోతాయి కానీ, మీ మామగారికి లాగా వెడల్పైనప్పుడు రెండు మూడు వైపుల నుంచి అతికించాలి, ఆ అతుకుల దగ్గర మోతాదు ఎక్కువో తక్కువో అవుతుంది. అందుకని ఇప్పుడు చాలా చోట్ల యంత్రం తల చుట్టూ తిరుగుతూ ఎక్స్ కిరణాలను ముక్కలు ముక్కలుగా మలిచి, నెత్తికి టోపీ తొడిగినట్టు మోతాదు ఇచ్చే పద్ధతిని వాడుతున్నారు. ఈ పద్ధతిలో మెదడుకు కొంత మోతాదు చేరుతుంది. చేరదని చెప్పేవారిని నమ్మవద్దు. అది మెదడు భరించగల హద్దులోనే ఉండేలా, కళ్లకు, చెవులకు విడివిడిగా హద్దులు పెట్టి భౌతికశాస్త్ర నిపుణులు లెక్క వేస్తారు. ఆ ప్లాను కంప్యూటర్ తెరమీద రంగుల గీతలుగా ఉంటుంది. మెదడు ఏ రంగులో ఉందో చూపించమని మీ డాక్టరుగారిని అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు, కోప్పడకూడదు.

మీ ఉత్తరంలోని ఆరున్నర వారాల లెక్క చూస్తే రోజుకు 2 గ్రే (కిరణాల మోతాదు కొలత) చొప్పున 33 విడతల్లో 66 గ్రే అని అర్థమవుతోంది. మొదటి రోజున కిరణాలు ఉండవు, మాస్కు తయారీ ఉంటుంది. చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ పలకను వేన్నీళ్ల తొట్టిలో వేస్తారు; రెండు నిమిషాల్లో అది తడిసిన అప్పడంలా వాలిపోతుంది. దాన్ని తీసి, నీళ్లు దులిపి, పడుకున్న మనిషి ముఖం మీదుగా లాగి బల్లకు బిగిస్తారు. గోరువెచ్చగా ముక్కు, గడ్డం, నుదురు ఆకారం పట్టుకుని, కాసేపటికే గట్టిపడుతుంది. ఊపిరి చిల్లుల్లోంచి ఆడుతుంది. ఆ మాస్కుతోనే స్కానింగ్ తీసి, రోజూ అదే మాస్కు బిగించి తలను ఒకే చోట ఉంచుతారు. మూసిన చోట ఆందోళన పడే మనిషైతే ముందే చెప్పండి, కళ్ల దగ్గర కత్తిరించి ఇస్తారు. రోజూ గదిలో ఉండేది పదిహేను నిమిషాలు, అందులో కిరణాలు వచ్చేది కొద్ది నిమిషాలే. వారానికి ఐదు రోజులు. మధ్యలో పెళ్లిళ్లని, ఠాకురాణీ జాతర అని నాలుగు రోజులు మానితే మిగిలిన కణాలు ఆ నాలుగు రోజుల్లో పుంజుకుంటాయి కనుక మానడానికి వీల్లేదు.

రెండో మూడో వారంలో నెత్తి ఎర్రబడి, జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంది. ఐదో వారానికి పొట్టు లేస్తుంది, కొన్నిచోట్ల చెమ్మగా పుండు పడుతుంది. కోర్సు అయిపోయాక కూడా వారం పది రోజులు ఎక్కువయ్యే అవకాశం ఉంది, ఆ తర్వాత మూడు నాలుగు వారాల్లో ఆరుతుంది. ఇది వైద్యం చెడిందని కాదు. గోరువెచ్చని నీళ్లతో మెత్తగా కడగవచ్చు, మెత్తటి నూలు తువ్వాలు కప్పవచ్చు. పసుపు, కొబ్బరినూనె, పసర్లు వద్దు. ఏ లేపనమైనా మందంగా రాసుకుని యంత్రం కిందికి వెళ్తే అది నేను చెప్పిన మైనపు పొరలాగే పని చేసి చర్మం పుండును పెంచుతుంది. ఈ మోతాదు పడిన మేరకు జుట్టు తిరిగి రాదు. ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

తట్టుకోగలరా అని అడిగారు. నడుస్తూ, తన పనులు తాను చేసుకుంటూ, తిండి తినగలిగే 74 ఏళ్ల మనిషి తట్టుకుంటారు. మంచం పట్టినవారికైతే రక్తస్రావం, వాసన తగ్గించడానికి 5 లేదా 10 విడతల్లో 20 నుంచి 30 గ్రే ఇచ్చి ఊరుకోవడం కూడా గౌరవప్రదమైన వైద్యమే. కోర్సు మొదలు పెట్టేముందు ఛాతీకి సీటీ స్కాన్ చేశారో లేదో చూసుకోండి. ఈ జబ్బు ఊపిరితిత్తులకు పాకే గుణం కలది; అక్కడ ఉంటే లెక్క మారుతుంది. పూర్తి కోర్సు తర్వాత కూడా ఇది తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఇంటి పెద్దకు ఎంత చెప్పాలో మీ ఇష్టం కానీ, నిర్ణయం తీసుకునే మీకు ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు.

ఎక్కడికి అన్నదానికి: మీ పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరుమీదే ఉన్న బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాలకు ముందు వెళ్లండి. పాత రకం కోబాల్టు యంత్రం నుంచి ఎలక్ట్రాన్లు రావు, ఎలక్ట్రాన్లను వేగంగా తోసి పుంజంగా వదిలే లీనియర్ యాక్సిలరేటర్ కావాలి. అందుకని ‘ఎలక్ట్రాన్లు గాని, తల చుట్టూ తిరిగే పద్ధతి గాని ఇప్పుడు ఇక్కడ కుదురుతుందా?’ అన్న ఒక్క ప్రశ్న అడిగితే మీ దారి తేలిపోతుంది. కుదరకపోతే కటక్‌లోని ఆచార్య హరిహర క్యాన్సర్ సంస్థ, లేదా విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. మనవాళ్లకు మాట కలుస్తుందని విశాఖ వైపే మొగ్గు ఉంటుంది, అది సహజం. కానీ తెలుగు మాట్లాడినంత మాత్రాన ఆంధ్ర ప్రభుత్వపు వైద్య సేవ కార్డు మనకు రాదు. మీ ఒడిశా ఆయుష్మాన్–గోపబంధు కార్డు ఆ ఆసుపత్రిలో ఈ వైద్యానికి చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే కనుక్కోండి. క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లేవారికి రైలు టికెట్లో రాయితీ ఉంటుంది. అందుకు ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం అడిగి పుచ్చుకోండి. ఒకటి మాత్రం మరవవద్దు: బయాప్సీ రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. తీసిన ముక్కను భద్రపరిచిన గాజు పలకలు, మైనపు దిమ్మ కూడా అడిగి తీసుకెళ్లాలి. ఇంత అరుదైన జబ్బును ఏ పెద్ద ఆసుపత్రైనా తన కళ్లతో మళ్లీ చూసుకుంటే తప్ప వైద్యం మొదలు పెట్టదు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. తలలో మూడు గడ్డలు పదేళ్లుగా ఉన్నాయి, గట్టిగా గుండ్రంగా ఉసిరికాయల్లా ఉంటాయి, నొప్పి లేదు. మా అమ్మకూ, పెద్దమ్మకూ ఉండేవి. కోయించుకోవాలంటే భయం. రేడియేషన్‌తో కరిగించవచ్చని ఒకరు చెప్పారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: కరగవు, కరిగించే ప్రయత్నం చేయనూ కూడదు. మీరు వర్ణించిన తీరు, తల్లి వైపు నుంచి రావడం చూస్తే ఇవి వెంట్రుక కుదుళ్ల నుంచి పుట్టే తిత్తులై ఉండవచ్చు. ఇవి క్యాన్సర్ కావు. స్థానికంగా మత్తు ఇచ్చి, తిత్తి గోడ చిరగకుండా తీసేస్తే ఆ చోట మళ్లీ రావడం అరుదు; సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. గోడలో ముక్క మిగిలితే తిరిగి ఊరుతుంది కనుక సూదితో గుచ్చి పిండించుకోవద్దు. ఉన్నట్టుండి ఒకటి పెరిగినా, పుండు పడినా ఆలస్యం చేయవద్దు. తీసినదాన్ని పారేయకుండా పరీక్షకు పంపమనండి.

కుటుంబాల్లో వచ్చే గడ్డల్లో మరో రకం ఉంది. అవి ఒకదాని పక్కన ఒకటి పుట్టి నెత్తిని తలపాగాలా కప్పేస్తాయి, సిలిండ్రోమా అంటారు. వాటికైతే రేడియేషన్ ఇవ్వవద్దనే వైద్యులు చెబుతారు, ఎందుకంటే ఆ కుటుంబాల కణాలలో ఉన్న జన్యులోపం వల్ల కిరణాలు కొత్త గడ్డలకు దారి తీయవచ్చు.

మీకు సలహా చెప్పినవారి తప్పు కూడా కాదు, ఒకప్పుడు వైద్యలోకమే ఆ తప్పు చేసింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగమంతా పిల్లల తలలో తామర తగ్గించడానికి జుట్టు ఊడేలా ఎక్స్ కిరణాలు ఇచ్చేవారు. 1950ల చివర గ్రిసియోఫుల్విన్ మాత్రలు వచ్చాకే ఆ పద్ధతి ఆగింది. ఆ పిల్లలలో కొందరికి దశాబ్దాల తర్వాత అదే నెత్తిమీద చర్మ క్యాన్సర్లు, మెదడు పొరల్లో గడ్డలు వచ్చాయి. మొదటి ఉత్తరంలోని మామగారికి అవసరమైన వైద్యమే మీకు హానికరం. ఆయనకు జబ్బు వల్ల వచ్చే ముప్పు ముందు కిరణాల ముప్పు చిన్నది, మీకు గడ్డల వల్ల అసలు ముప్పే లేదు.

ప్రశ్న: నేను నేతపని చేసేవాణ్ణి, 61 ఏళ్లు. చిన్నప్పుడు మరుగుతున్న గంజి పడి నెత్తి కాలింది, మచ్చ మిగిలింది. ఆ మచ్చమీద రెండేళ్లుగా మానని పుండు స్క్వామస్ సెల్ (చర్మం పైపొర కణాల) క్యాన్సర్ అని తేలి, కోసి, తొడ చర్మం అతికించారు. రిపోర్టులో కోసిన ఒక అంచుకు జబ్బు మిల్లీమీటరు దూరంలోనే ఉందని, నరం వెంబడి కూడా ఉందని రాశారు. ఇప్పుడు రేడియేషన్ అంటున్నారు. అతికిన చర్మం ఊడిపోదా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: కాలిన పాత మచ్చల్లో క్యాన్సర్ పుట్టడం ఫ్రెంచి శస్త్రవైద్యుడు మార్జోలిన్ పేరుతో చాలాకాలంగా తెలిసినదే, కాలిన నాటి నుంచి ముప్పై నలభై ఏళ్లు పట్టవచ్చు. నరం వెంబడి జబ్బు, దగ్గరి అంచు అన్న రెండు మాటలూ ఉన్నప్పుడు రేడియేషన్ సలహా సబబైనదే. నేనైతే 60 గ్రే, ఆరు వారాలు అనే చెబుతాను.

అతికిన చర్మం పూర్తిగా అంటుకున్నాక మొదలు పెడితే ఊడదు. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు; అంతకు మించి ఎనిమిది, పది వారాలు సాగదీస్తే లాభం తగ్గుతుంది. ఎక్కడైనా పుర్రె ఎముక తెల్లగా బయటికి కనిపిస్తుంటే మాత్రం ముందు దాన్ని కప్పించాలి, అతుకు కంటే రక్తనాళంతో సహా తిప్పి తెచ్చిన చర్మం అక్కడ మేలు. ఏ కప్పూ లేని ఎముకకు అంత మోతాదు పడితే, ఏళ్ల తర్వాత ఆ ఎముక చచ్చి ఊడే ప్రమాదం ఉంది. చర్మం, ఎముక రెండింటికీ గాయం మానడం శాశ్వతంగా నెమ్మదిస్తుంది కనుక ఇకమీదట తల గోక్కోవడం, ఎండలో తల కప్పుకోకుండా తిరగడం మానండి. మగ్గం గుంతలోకి దిగేటప్పుడు పైదూలం చూసుకోండి; మీ ఇళ్లలో ఆ దూలాలు ఎంత కిందికి ఉంటాయో నాకు తెలుసు.

ప్రశ్న: నెత్తికి రేడియేషన్ అవుతున్న మా నాన్నగారిని, సాయంత్రం ఇంటికి రాగానే మూడేళ్ల మనవరాలు వదలడం లేదు. ఆయన ఒంట్లోంచి కిరణాలు పాపకు తగులుతాయా?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: తగలవు. యంత్రం ఆగిన క్షణమే కిరణాలు ఆగుతాయి, దీపం ఆర్పిన గదిలో వెలుగు మిగలనట్టే. నెత్తిమీద అచ్చు పెట్టి, సన్నటి గొట్టాల గుండా ఇరిడియం అనే కిరణాలు వెదజల్లే లోహాన్ని పంపే పద్ధతిలో కూడా వైద్యం కాగానే ఇరిడియం యంత్రంలోకి వెనక్కి వెళ్లిపోతుంది, ఒంట్లో ఏమీ ఉండిపోదు. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, ఒకే కంచంలో తినిపించవచ్చు. పొట్టు లేస్తున్న నెత్తిమీద పాప చేతులు, గోళ్లు పడకుండా మాత్రం తువ్వాలు చుట్టుకోమనండి.